ఊపిరితిత్తులను మార్చవచ్చా?

విద్యార్థులారా! గడియారం ఎదురుగా పెట్టుకుని ఒక్క నిమిషంపాటు మీ శ్వాసలను లెక్కపెట్టండి. కదలకుండా కూర్చుంటే పదిహేనుకూ ఇరవైకీ మధ్య వస్తుంది. పెద్దవాళ్ళకు కొంచెం తక్కువ, పన్నెండు నుంచి పద్ధెనిమిది దాకా ఉంటుంది. పదిహేను అనుకుందాం. ఒక్కొక్క శ్వాసకు పెద్దవాళ్ళు లోపలికి తీసుకునే గాలి సుమారు అర లీటరు. అంటే నిమిషానికి ఏడున్నర లీటర్లు, గంటకు 450 లీటర్లు, రోజుకు 10,800 లీటర్లు అన్నమాట!

రోజుకు మనం తాగే నీళ్ళు రెండు మూడు లీటర్లు. ఆ నీటిని వడగట్టుకుంటాం, అవసరమైతే కాచుకుంటాం. బియ్యంలో రాళ్ళుంటే ఏరి పారేస్తాం. కాని ఈ పదివేల లీటర్ల గాలిని మాత్రం ఎలా ఉంటే అలాగే పీల్చుకుంటాం. పొగ ఉంటే పొగతో, ధూళి ఉంటే ధూళితో, సూక్ష్మజీవులుంటే వాటితో సహా లోపలికి పోతుంది. గుండె, కాలేయం, మూత్రపిండాలు శరీరం లోపల మూసిన గదుల్లో ఉన్నట్టు ఉంటాయి. బయటి గాలి వాటిని తాకదు. ఊపిరితిత్తులు అలా కాదు. లోపలే ఉన్నా రాత్రింబవళ్ళు బయటి గాలికి తెరిచే ఉంటాయి.

ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకోండి. ఊపిరితిత్తులు ఎందుకు పాడవుతాయి, పాడైనవాటిని తీసి వేరేవి అమర్చడం ఎందుకు అంత కష్టమైంది, అమర్చిన తరువాత కూడా ఎందుకంత జాగ్రత్త కావాలి అనే మూడు ప్రశ్నలకూ జవాబు ఇందులోనే దొరుకుతుంది.

లోపల ఏముంది?

ముక్కు ద్వారా పీల్చిన గాలి వాయునాళంలోకి పోతుంది. వాయునాళం రెండు శ్వాసనాళాలుగా చీలి, ఒక్కొక్కటి ఒక్కొక్క ఊపిరితిత్తిలోకి పోతుంది. కుడి ఊపిరితిత్తిలో మూడు తమ్మెలు, ఎడమదానిలో రెండు తమ్మెలు ఉంటాయి. ఎడమవైపు గుండెకు చోటు కావాలి గదా! శ్వాసనాళాలు చెట్టు కొమ్మల్లా చీలుతూ చీలుతూ సన్నని శ్వాసనాళికలవుతాయి. వాటి చివర్ల ద్రాక్షగుత్తుల్లా వాయుగోణులు ఉంటాయి. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ఇవి ముప్పై కోట్లకు పైగా ఉంటాయి.

ఇన్ని చిన్న చిన్న గదులెందుకు? వైశాల్యం పెంచడానికి. వీటన్నిటి గోడలనూ విప్పి నేలమీద పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు వస్తుంది. వాలీబాల్ మైదానంలో ఒక జట్టు నిలబడి ఆడే స్థలం 81 చదరపు మీటర్లు. దాదాపు అంత వైశాల్యం మన రొమ్ము ఎముకల గూటిలో మడతలు పెట్టి ఇమిడి ఉంది!

వాయుగోణి గోడ చాలా పలచన. దాన్ని ఆనుకుని రక్తకేశనాళికలు వలలా అల్లుకుని ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న అడ్డు మిల్లీమీటరులో వెయ్యోవంతుకన్నా తక్కువ. ఆ పలచని అడ్డును దాటి ఆక్సిజన్ రక్తంలోకి, కార్బన్ డై ఆక్సైడ్ గాలిలోకి మారతాయి. ఊపిరితిత్తి పని అంతా ఆ పలచని పొరమీదనే జరుగుతుంది. కాబట్టి పొర మందమైనా, చిరిగిపోయినా, దాకా గాలి రాకపోయినా చిక్కే.

మూడు రకాల చేటు

మొదటిది ఎంఫైసీమా. ఏళ్ళ తరబడి బీడీ, సిగరెట్టు, చుట్ట తాగినవాళ్ళలో, కట్టెలపొయ్యి పొగలో వంట చేసినవాళ్ళలో వాయుగోణుల మధ్య గోడలు తెగిపోతాయి. నూరు చిన్న గదులు కలిసి ఒక పెద్ద గది అయితే గోడల వైశాల్యం తగ్గుతుంది గదా! పైగా ఊపిరితిత్తి సాగుడు గుణం కోల్పోతుంది. లోపలికి పోయిన గాలి సరిగా బయటికి రాదు.

రెండవది ఫైబ్రోసిస్. చర్మానికి లోతైన గాయమైతే మానిన తరువాత గట్టి మచ్చ మిగులుతుంది. అలాంటి మచ్చ కణజాలమే ఊపిరితిత్తి అంతటా వ్యాపిస్తే పలచని పొర మందమవుతుంది, ఊపిరితిత్తి గట్టిపడి వ్యాకోచించదు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కొన్నిసార్లు కారణం తెలియనే తెలియదు. తెలిసిన కారణాల్లో ముఖ్యమైనది రాతి ధూళి. పలుగురాయిని పిండి చేసేచోట, బండలు కోసేచోట, గనుల్లో ఎగిరే సిలికా రేణువులు వాయుగోణుల దాకా చేరి అక్కడే ఉండిపోతాయి. శరీరం వాటిని కరిగించలేదు, బయటికి నెట్టలేదు. వాటి చుట్టూ మచ్చ కడుతుంది. ఈ జబ్బును సిలికోసిస్ అంటారు.

మూడవది శ్వాసనాళికలు పాడుకావడం. క్షయ, న్యుమోనియా వంటివి సరిగా మానకపోతే నాళికలు వెడల్పై సంచుల్లా సాగి, వాటిలో కఫం నిలిచి, తరచు చీము పడుతుంది. పుట్టుకతోనే వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధిలో కూడా ఇలాగే అవుతుంది.

ఈ రోగులకు ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఒక చిన్న పని చేయండి. కొబ్బరిబోండాం తాగే గొట్టం ఒకటి నోట్లో పెట్టుకుని, ముక్కు మూసుకుని, దానిద్వారా మాత్రమే ముప్పై సెకన్లు శ్వాసించండి. పక్కన ఒక స్నేహితుణ్ణి ఉంచుకోండి. ఇబ్బందిగా ఉంటే వెంటనే ఆపేయండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు దీన్ని అసలు చేయవద్దు. మీరు ముప్పై సెకన్ల తరువాత గొట్టం తీసేయగలరు. వ్యాధి ముదిరినవాళ్ళు తీసేయలేరు. చొక్కా తొడుక్కోవడం, స్నానం చేయడం, నాలుగు మాటలు వరసగా మాట్లాడడం కూడా వారికి ఆయాసమే.

ఎవరికి మార్పిడి?

ఊపిరితిత్తుల జబ్బు అనగానే మార్పిడి చేయరు. ముందు మందులు, పీల్చే మందులు, శ్వాస వ్యాయామాలు, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం, ఇలా ఒక్కొక్కటే చూస్తారు. ఇవేవీ చాలక, ఇక ఒకటి రెండేళ్ళకన్నా ఎక్కువ బతకడం కష్టమని వైద్యులు అంచనా వేసినప్పుడే మార్పిడి మాట వస్తుంది. రోగి ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలడు, నడిచేటప్పుడు రక్తంలో ఆక్సిజన్ ఎంతకు పడిపోతుంది అని పరీక్షిస్తారు. గుండె, మూత్రపిండాలు బాగుండాలి. కాన్సర్ ఉండకూడదు. పొగతాగడం పూర్తిగా మానేసి ఉండాలి.

మూత్రపిండాలు చెడిపోతే డయాలిసిస్ అనే యంత్రంతో ఏళ్ళ తరబడి నెట్టుకురావచ్చు. ఊపిరితిత్తులకు అలాంటి సౌకర్యం లేదు. రక్తాన్ని శరీరం బయటికి తెచ్చి, ఒక పొర ద్వారా ఆక్సిజన్ ఎక్కించి, తిరిగి లోపలికి పంపే ఎక్మో అనే యంత్రం ఉంది. కాని దానిమీద రోగిని ఉంచగలిగేది రోజులు, వారాలు, మహా అయితే కొన్ని నెలలు. 2020లో కోవిడ్ సోకిన గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికి చెన్నైలో కొన్ని వారాలపాటు ఎక్మో సాయం అందించారు. ఆ ఏడాది సెప్టెంబరు 25న ఆయన కన్నుమూశారు. ఆ రోజుల్లోనే ఎక్మో అనే మాట తెలుగు ఇళ్ళన్నిటికీ తెలిసింది. ఊపిరితిత్తులు కోలుకునేదాకానో, వేరేవి దొరికేదాకానో రోగిని నిలబెట్టడమే ఎక్మో చేయగలిగింది.

ఇరవై ఏళ్ళ ఓటములు

మనిషికి మొట్టమొదటి ఊపిరితిత్తి మార్పిడి 1963 జూన్ 11న అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జరిగింది. చేసిన శస్త్రవైద్యుడు జేమ్స్ హార్డీ. కొత్త ఊపిరితిత్తి పనిచేసింది. కాని రోగి 18 రోజులే బతికాడు. మూత్రపిండాలు చెడిపోయి మరణించాడు.

ఆ తరువాత పదిహేనేళ్ళలో ప్రపంచం మొత్తంమీద దాదాపు నలభై ప్రయత్నాలు జరిగాయి. చాలామంది రోగులు కొద్ది రోజుల్లో, కొద్ది వారాల్లో చనిపోయారు. వారిలో అందరికన్నా ఎక్కువకాలం బతికినవాడు 1968లో బెల్జియంలోని ఘెంట్ నగరంలో ఫ్రిట్జ్ డెరోమ్ చికిత్స చేసిన యువకుడు. అతని వయస్సు 23 ఏళ్ళు. జబ్బు సిలికోసిస్. పది నెలలు బతికాడు.

1967లో గుండె మార్పిడి జరిగింది. మూత్రపిండాల మార్పిడి అంతకు ముందే, 1954లో విజయవంతమైంది. మరి ఊపిరితిత్తి దగ్గరే ఎందుకు ఆగిపోయారు? రెండు అడ్డంకులు ఎదురయ్యాయి.

మొదటి అడ్డంకి అతుకు. ఊపిరితిత్తిలోకి రెండు రకాల రక్తం వస్తుంది. ఆక్సిజన్ ఎక్కించుకోవడానికి గుండె నుంచి పుపుస ధమని ద్వారా వచ్చేది ఒకటి. శ్వాసనాళం గోడలను పోషించడానికి బృహద్ధమని నుంచి సన్నని నాళాల ద్వారా వచ్చేది రెండవది. మార్పిడిలో మొదటిదాన్ని కలపగలరు. ఆ సన్నని నాళాలను మాత్రం సాధారణంగా కలపరు. అందుచేత శ్వాసనాళం కుట్టినచోట పోషణ తక్కువై గాయం మానదు. రెండు మూడు వారాల్లో కుట్టు విడిపోయేది. అదే మూత్రపిండం అయితే అతుకు సూక్ష్మజీవులకు దూరంగా ఉంటుంది. ఇక్కడ అతుకు మీదుగా ప్రతి శ్వాసకూ బయటి గాలి పోతూ ఉంటుంది!

రెండవ అడ్డంకి తిరస్కారం. మన శరీరంలోని రక్షణ కణాలకు ఏది మనది, ఏది పరాయిది అని గుర్తుపట్టే శక్తి ఉంది. పరాయి కణజాలం కనబడితే దాడి చేస్తాయి. సూక్ష్మజీవులనుంచి కాపాడే ఈ గుణమే ఇతరుల అవయవాన్ని పాడుచేస్తుంది. ఆ రోజుల్లో దీన్ని అణచడానికి స్టెరాయిడ్ మందులు ఎక్కువ మోతాదులో ఇచ్చేవారు. ఆ మందులు గాయాన్ని మాననివ్వవు. మందు ఇవ్వకపోతే తిరస్కారం, ఇస్తే అతుకు విడిపోవడం! ముందు నుయ్యి వెనుక గొయ్యి అన్నట్టయింది.

మట్టిలోంచి వచ్చిన మందు

దారి చూపింది నార్వే దేశపు మట్టి. అక్కడి హార్డంగర్‌విడ్డా పీఠభూమినుంచి 1969లో తెచ్చిన మట్టిలో ఒక బూజు దొరికింది. స్విట్జర్లాండులోని సాండోజ్ మందుల కంపెనీ పరిశోధకులు దాన్నుంచి సైక్లోస్పోరిన్ అనే పదార్థాన్ని తీశారు. రక్షణ కణాల్లో తిరస్కారానికి కారణమైన కణాలను ఇది అణచగలదని 1972లో తెలిసింది. 1983లో అమెరికాలో వాడకానికి అనుమతి వచ్చింది.

కెనడాలోని టొరంటోలో జోయెల్ కూపర్, ఆయన సహచరులు అతుకు సమస్యను పట్టుకున్నారు. కుక్కలమీద ప్రయోగాలు చేసి, స్టెరాయిడ్లు అతుకును బలహీనం చేస్తాయని, సైక్లోస్పోరిన్ అలా చేయదని తేల్చారు. పేగుల ముందు తెరలా వేలాడే ఒక కొవ్వు పొర ఉంది. దానిలో రక్తనాళాలు దండిగా ఉంటాయి. ఆ పొరను పైకి లాగి శ్వాసనాళపు అతుకు చుట్టూ చుట్టారు. దాని రక్తమే అతుకుకు పోషణ ఇచ్చింది.

1983 నవంబరులో 58 ఏళ్ళ ఫైబ్రోసిస్ రోగికి కూపర్ బృందం ఒక ఊపిరితిత్తిని అమర్చింది. ఆయన ఆరేళ్ళకు పైగా జీవించాడు. 1986లో అక్కడే రెండు ఊపిరితిత్తులనూ మార్చారు. హార్డీ ప్రయత్నానికీ కూపర్ విజయానికీ మధ్య ఇరవై ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ప్రపంచంలో ఏటా నాలుగు వేలకు పైగా ఊపిరితిత్తుల మార్పిడులు జరుగుతున్నాయి. ఈనాడు ఎక్కువగా వాడే టాక్రోలిమస్ అనే మందు కూడా మట్టిలోంచే వచ్చింది. 1984లో జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలో ఉన్న ఒక బాక్టీరియానుంచి దాన్ని తీశారు.

సికింద్రాబాద్‌లో

మన దగ్గర జరిగిన ఒక ఉదాహరణ చూద్దాం. చండీగఢ్‌కు చెందిన 32 ఏళ్ళ వ్యక్తికి సార్కాయిడోసిస్ అనే జబ్బు వచ్చింది. ఇందులో రక్షణ కణాలే గుంపులు గుంపులుగా చేరి ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలు కడతాయి. కొందరిలో అది ముదిరి ఫైబ్రోసిస్ అవుతుంది. అవయవం కోసం ఎదురుచూస్తున్న సమయంలోనే అతనికి కోవిడ్ కూడా సోకింది. 2020 ఆగస్టులో సికింద్రాబాద్‌లోని కిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సందీప్ అట్టావర్ బృందం అతనికి రెండు ఊపిరితిత్తులనూ మార్చింది. దాత కలకత్తాలో ఉన్నాడు. ఊపిరితిత్తులను అక్కడినుంచి విమానంలో తెచ్చారు. కోవిడ్ సోకినవారికి మనదేశంలో జరిగిన తొలి మార్పిడుల్లో ఇదొకటి. రోగి కోలుకుని సెప్టెంబరులో ఆసుపత్రినుంచి వెళ్ళాడు.

రోగి చండీగఢ్‌వాడు, దాత కలకత్తావాడు, ఆపరేషన్ సికింద్రాబాద్‌లో! ఇంత దూరాలను కలిపింది ఏమిటి? అది తెలియాలంటే దాత గురించి తెలుసుకోవాలి.

దాత ఎవరు?

ఊపిరితిత్తుల దాతలు చాలావరకు బ్రెయిన్‌డెత్ అయినవారు. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, లేదా మెదడులో రక్తనాళం చిట్లి, మెదడు కాండం పూర్తిగా నశించిన స్థితి ఇది. శ్వాసను నడిపే కేంద్రం మెదడు కాండంలోనే ఉంది. కాబట్టి ఆ మనిషి తనంతట తాను ఎన్నటికీ ఊపిరి తీసుకోలేడు. వెంటిలేటర్ గాలి అందిస్తున్నంతసేపు గుండె కొంతకాలం కొట్టుకుంటుంది. ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. రొమ్ము లేస్తూ పడుతూ ఉంటుంది. అందుకే మంచం పక్కన నిలబడిన తల్లికి, తండ్రికి, భార్యకు నమ్మడం చాలా కష్టం.

ఇది కోమాకన్నా వేరు. కోమాలో మెదడు కాండం పనిచేస్తూనే ఉంటుంది, కొందరు తేరుకుంటారు. బ్రెయిన్‌డెత్‌నుంచి తేరుకోవడం లేదు. చట్టప్రకారం అది మరణమే.

తేలికగా నిర్ణయించడానికి వీల్లేకుండా మన చట్టం కట్టుదిట్టాలు పెట్టింది. కేంద్ర ప్రభుత్వం 1994లో మానవ అవయవాల మార్పిడి చట్టం చేసింది. దీని ప్రకారం నలుగురు వైద్యులు పరీక్షించాలి. మార్పిడి చేసే బృందంలోనివారు ఆ నలుగురిలో ఉండకూడదు. కంటిలో వెలుగు వేస్తే కనుపాప చిన్నదవుతుందా, గొంతులో గొట్టం కదిపితే దగ్గు వస్తుందా, వెంటిలేటర్ ఆపితే ఊపిరి తీసుకునే ప్రయత్నం ఉందా అని చూస్తారు. కనీసం ఆరు గంటల తేడాతో ఈ పరీక్షలు రెండుసార్లు జరగాలి. ఆ తరువాత కుటుంబం ఒప్పుకుంటేనే అవయవాలు తీసుకుంటారు. అవయవాలను కొనడం, అమ్మడం నేరం.

మన రాష్ట్రంలో ఈ దానాలను జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం 2013నుంచి నడుపుతోంది. దీని కార్యాలయం హైదరాబాదులోని నిమ్స్‌లో ఉంది. అవయవం కావలసిన రోగుల పేర్లు ఇక్కడ నమోదవుతాయి. దాత దొరికినప్పుడు ఎవరికి ఇవ్వాలో నియమాల ప్రకారం వరస నిర్ణయిస్తారు. ఊపిరితిత్తుల విషయంలో రక్తవర్గం కలవాలి, పరిమాణం కూడా కలవాలి. ఆరడుగుల మనిషి ఊపిరితిత్తులు అయిదడుగుల మనిషి రొమ్ములో పట్టవు గదా! తగినవారు రాష్ట్రంలో లేకపోతే వేరే రాష్ట్రానికి పంపుతారు. కలకత్తా ఊపిరితిత్తులు సికింద్రాబాద్‌కు వచ్చింది ఇలాంటి ఏర్పాటుతోనే.

ఇక్కడ కూడా ఊపిరితిత్తులకు ఒక చిక్కు ఉంది. మూత్రపిండాలు ఇవ్వగలిగిన దాతలందరి ఊపిరితిత్తులూ పనికిరావు. అయిదుగురు దాతల్లో ఒకరివి పనికివస్తే గొప్ప. ప్రమాదం జరిగినప్పుడు వాంతి గాలిగొట్టంలోకి పోవచ్చు. వెంటిలేటర్ మీద ఉండగా న్యుమోనియా రావచ్చు. లోపల నీరు చేరవచ్చు. తలుపు తెరిచి ఉన్న అవయవం ఆసుపత్రిలోనే పాడైపోతుందన్నమాట.

కాలంతో పందెం

దాత శరీరంనుంచి తీసిన అవయవాన్ని చల్లని ద్రవంతో కడిగి, మంచుగడ్డల పెట్టెలో పెట్టి తెస్తారు. చల్లగా ఉంటే కణాలకు ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది. అయినా గడువు ఉంది. గుండెకు సుమారు నాలుగు గంటలు, ఊపిరితిత్తులకు ఆరునుంచి ఎనిమిది గంటలు, మూత్రపిండాలకు ఒక రోజు. అందుకే పోలీసులు రోడ్డుమీద వాహనాలు ఆపి అంబులెన్సుకు దారి వదులుతారు. దీన్ని గ్రీన్ ఛానెల్ అంటారు. 2021 ఫిబ్రవరి 2న ఒక దాత గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా మెట్రో రైలులోనే తీసుకుపోయారు.

ఒకవైపు అవయవం దారిలో ఉండగానే ఇక్కడ రోగిని ఆపరేషన్ బల్లమీద సిద్ధం చేస్తారు. రొమ్మును తెరిచి, పాడైన ఊపిరితిత్తిని తీసి, కొత్తదాన్ని మూడుచోట్ల కలుపుతారు. శ్వాసనాళానికి శ్వాసనాళం, పుపుస ధమనికి పుపుస ధమని, పుపుస సిరలున్న ముక్కను గుండె ఎడమ కర్ణికకు కుట్టేస్తారు. తరువాత రెండవవైపు. అవసరమైతే ఆ సమయంలో ఎక్మో రక్తానికి ఆక్సిజన్ ఇస్తుంది. రెండు ఊపిరితిత్తులు మార్చడానికి ఆరునుంచి పన్నెండు గంటలు పడుతుంది. బిగించిన రక్తనాళాలను వదలగానే, పాలిపోయి ముడుచుకుని ఉన్న ఊపిరితిత్తి గులాబీరంగు తిరిగి ఉబ్బుతుంది.

తరువాతి జీవితం

కొన్ని వారాలకు రోగి ఆక్సిజన్ సిలిండరు లేకుండా నడుస్తాడు, మెట్లు ఎక్కుతాడు. కాని అప్పుడే మరో జాగ్రత్త మొదలవుతుంది. తిరస్కారాన్ని ఆపే మందులు పన్నెండు గంటలకొకసారి, గడియారం చూసుకుని, జీవితాంతం వేసుకోవాలి. మోతాదు తగ్గితే రక్షణ కణాలు కొత్త ఊపిరితిత్తిమీద పడతాయి. ఎక్కువైతే రక్షణ కణాలు మరీ నిద్రపోయి సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. పంపరపనస వంటి పండ్లు రక్తంలో ఈ మందు మోతాదును పెంచుతాయి కాబట్టి వాటిని తినవద్దంటారు.

మూత్రపిండం మార్చుకున్నవారికి కూడా ఈ మందులు తప్పవు. కాని వారి కొత్త అవయవం మూసిన గదిలో ఉంది. ఊపిరితిత్తి రోజూ పదివేల లీటర్ల గాలిని ఎదుర్కోవాలి. ఇంకొక విశేషం చూడండి. కొత్త ఊపిరితిత్తికి నరాలు కలపరు. కాబట్టి అతుకు దిగువ దుమ్ము పడినా, కఫం చేరినా రోగికి తెలియదు, దగ్గు రాదు. కఫం బయటికి తేవడానికి కావాలని దగ్గడం నేర్చుకోవాలి. దుమ్ములోకి, బూజుపట్టిన గడ్డి దగ్గరికి పోకూడదు. రోజూ ఒక చిన్న యంత్రంలో ఊది, గాలి ఎంత వస్తుందో రాసుకోవాలి. అంకె తగ్గితే వెంటనే వైద్యుణ్ణి చూడాలి.

ఇంత చేసినా ఫలితం ఎలా ఉంది? ప్రపంచ లెక్కల్లో నూటికి 85 మందికి పైగా మొదటి సంవత్సరం దాటుతున్నారు. దాదాపు సగంమంది ఆరేడేళ్ళు, అంతకు మించి జీవిస్తున్నారు. గుండె మార్పిడి ఫలితాలు దీనికన్నా బాగున్నాయి. ఊపిరితిత్తుల్లో ఏళ్ళు గడిచేకొద్దీ సన్నని శ్వాసనాళికలు మచ్చకట్టి మూసుకుపోతున్నాయి. దీన్ని పూర్తిగా ఆపే మందు ఇంకా రాలేదు. మీలో ఎవరైనా ఆ పని చేయవచ్చు.

మనం ఏం చేయగలం?

ఊపిరితిత్తులు మార్చవచ్చు. కాని దాతలు తక్కువ, ఖర్చు చాలా ఎక్కువ, గడువు పరిమితం. పాడైన ఊపిరితిత్తుల సంఖ్యతో పోలిస్తే మార్పిడి దొరికేది ఎంతో కొద్దిమందికి. కాబట్టి తెరిచి ఉన్న తలుపు దగ్గరే కాపలా కాయాలి.

మన పల్లెల్లో గ్యాసు పొయ్యి వచ్చిన తరువాత కూడా నీళ్ళు కాచడానికి, రొట్టెలు చేయడానికి పత్తికట్టె, కందికట్టె మండిస్తూనే ఉన్నారు. ఆ పొయ్యి ఇంటి బయట, గాలి తగిలేచోట ఉండాలి. పసిపిల్లలను ఒళ్ళో పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చోకూడదు. పత్తి జిన్నింగు మిల్లులో, రాయి కొట్టేచోట పనికి పోయేవారు ముక్కుకు, నోటికి సరైన మాస్కు కట్టుకోవాలి. మామూలు తువ్వాలు సన్నని సిలికా రేణువును ఆపలేదు. రాతిని నీళ్ళు చల్లుతూ కోస్తే ధూళి చాలావరకు లేవదు. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితంగా చేస్తారు. క్షయను మొదట్లో పట్టుకుంటే పూర్తిగా నయమవుతుంది. ఇక బీడీ, సిగరెట్టు మాట వేరే చెప్పాలా! మొదటిది ముట్టించకపోవడమే అన్నిటికన్నా సులభం.

రెండవ పని, ఇంట్లో మాట్లాడడం. పద్ధెనిమిదేళ్ళు నిండినవారు అవయవదానానికి అంగీకారం రాసి ఇవ్వవచ్చు. మీకు ఇంకా ఆ వయస్సు రాలేదు. రాసి ఇచ్చినా చివరకు కుటుంబాన్నే అడుగుతారు. అది ఇంట్లో అందరూ ఏడుస్తున్న సమయం. బ్రెయిన్‌డెత్ అనే మాట మొదటిసారి ఆ రోజే వింటే ఎవరికైనా అయోమయమే. ముందే విని ఉన్న కుటుంబం ఔనన్నా కాదన్నా తెలిసి చెబుతుంది. ఈ పాఠంలో బ్రెయిన్‌డెత్‌కూ కోమాకూ ఉన్న తేడాను మీ అమ్మానాన్నలకు, తాతకు, అవ్వకు వినిపించండి.

చేసి చూడండి

అయిదు లీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అర లీటరు చొప్పున నీళ్ళు పోస్తూ, ప్రతిసారీ మట్టం దగ్గర గీత పెట్టండి. డబ్బా నిండిన తరువాత మూత చేత్తో మూసి, నీళ్ళున్న తొట్టిలో బోర్లించండి. ఒక రబ్బరు గొట్టం చివరను డబ్బా మూతిలోకి దూర్చండి. గట్టిగా గాలి పీల్చుకుని, గొట్టంలోకి ఒకే ఊపిరిలో పూర్తిగా ఊదండి. దిగిపోయిన నీళ్ళు ఎన్ని లీటర్లో, మీ ఊపిరి అన్ని లీటర్లు. మీ వయస్సువారికి సాధారణంగా రెండునుంచి నాలుగు లీటర్లు వస్తుంది. ఒకరు ఊదిన గొట్టాన్ని సబ్బునీళ్ళతో కడగకుండా మరొకరు ఊదవద్దు. ఎందుకో మీకు తెలుసు!

ఆలోచించండి

1. నూరు చిన్న వాయుగోణులు కలిసి ఒకే పెద్ద సంచి అయితే, లోపల పట్టే గాలి తగ్గకపోయినా రక్తంలోకి పోయే ఆక్సిజన్ ఎందుకు తగ్గుతుంది?

2. శ్వాసనాళపు అతుకు మానకపోవడానికి కారణమేమిటి? టొరంటో వైద్యులు దాన్ని ఎలా అధిగమించారు?

3. మూత్రపిండం మార్చుకున్నవారికన్నా ఊపిరితిత్తి మార్చుకున్నవారికి సూక్ష్మజీవుల భయం ఎందుకు ఎక్కువ? రెండు కారణాలు రాయండి.

4. బ్రెయిన్‌డెత్ అయిన వ్యక్తి గుండె కొట్టుకుంటూ ఉండడానికి, ఊపిరి తానుగా తీసుకోలేకపోవడానికి కారణం చెప్పండి.

5. మీ ఊళ్ళో పొగ, ధూళి ఎక్కువగా పీల్చవలసివచ్చే పనులు ఏవో జాబితా రాసి, ఒక్కొక్కదానికి ఒక జాగ్రత్త సూచించండి.